ఎదురింటికి వెళ్ళొచ్చే చెట్టు

నిచ్చెన కొనడం నేను చేసిన పొరపాటు. అల్యూమినియంది, తేలిక, ఒక్కరే మోసుకుపోవచ్చు. అందుకే మా వీధిలో ఎవరో ఒకరు ఎప్పుడూ మోసుకుపోతూనే ఉంటారు. మా ఫ్యాన్లకు దుమ్ము పట్టిందంటే నిచ్చెన ఇంట్లో లేదని అర్థం. ఎక్కువసార్లు అది ఎదురింటి అక్క దగ్గర ఉంటుంది. టీచరుగా రిటైరయిన మనిషి కాబట్టి ఆవిడ అడగరు, చెప్పి తీసుకెళ్తారు.

మా ఇంటి నుంచి ఆవిడ అలా తీసుకెళ్ళే రెండో వస్తువు చెట్టు.

అల్లూరులో ఇల్లు కట్టుకున్న కొత్తలో, కావలి వెళ్ళే దారిలో ఒక నర్సరీలో కొన్నాం. కుండీలో మోకాలెత్తు పైన్ మొక్క. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. పూలు పూయదు, తినే కాయలు కాయదు, నీడ అంతంతమాత్రం. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, సముద్రపు గాలికి చావదు అని నర్సరీ ఆయన భరోసా ఇచ్చాడు. అంతకంటే తక్కువ అర్హతలతో నేను ఉద్యోగం సంపాదించాను కాబట్టి కొనేశాను.

ఆ డిసెంబరులో అక్క వచ్చి, మొక్క చుట్టూ ఒకసారి తిరిగి చూసి, పండగకి పదిరోజులు ఇది మా ఇంట్లో ఉంటుందని చెప్పారు. అంతకుముందు ఏటా సరుగుడు తోటలోంచి ఒక కొమ్మ తెచ్చి బకెట్ ఇసుకలో నిలబెట్టేవాళ్ళట. క్రిస్మస్ నాటికి అది ఎండిపోయి ఊడ్చేకొద్దీ ఆకు రాల్చేదట. కుండీ వీధి దాటింది. కొత్త సంవత్సరం వచ్చాక కొమ్మల్లో కాస్త మెరుపు కాగితంతో, వెంట ఒక డబ్బా కేకుతో తిరిగొచ్చింది. అలా ఐదేళ్ళు. నిజం చెప్పాలంటే ఆ పదిరోజులే దానికి వేళకు నీళ్ళు అందేవి. మిగతా ఏడాది నా బాధ్యత. అడుగున ఒక వరస కొమ్మలు ఎండిపోయింది నా హయాంలోనే. అవి మళ్ళీ రావని తర్వాత తెలిసింది.

ఈ ఏడాది వేర్లు కుండీని పగలగొట్టాయి. నర్సరీ ఆయనకు ఫోన్ చేస్తే, నేలలో పెట్టండి, గోడకు దూరంగా, పైచిగురు మాత్రం తుంచొద్దు, ఒకసారి వేరు పట్టాక ఇక కదపొద్దు అన్నాడు. వానలు మొదలవగానే వాకిట్లో గుంట తీసి, ఇసుక, పేడ ఎరువు కలిపి నాటాను. చెట్టుకంటే పొడవైన వెదురు కర్ర ఊతంగా కట్టాను. చాలా తృప్తిగా చేతులు కడుక్కుంటున్నాను.

"అక్కకు చెప్పినారా?" అంది మా ఆవిడ.

డిసెంబరు సంగతి నాకు తట్టనే లేదు. అక్కకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది కదా అన్నాను. నిజానికి అదే ఇబ్బంది.

గేటు దగ్గర ఎదురుపడితే అక్క వానల గురించే మాట్లాడారు. కానీ నిచ్చెన మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒక వారం, రెండు వారాలు, నెల. ఫ్యాన్లన్నీ తుడిచేశాను. ఇంకేమీ మిగలక, గోడకు ఆనించిన నిచ్చెనను చూస్తూ కూర్చునేవాణ్ణి.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం అక్క ఆటోలోంచి సరుగుడు కొమ్మ దించుకోవడం చూశాను. ఇక వెళ్ళక తప్పలేదు. చెట్టు వీధి దాటే స్థితిలో లేదు కాబట్టి ఈసారి మీరే దాటాలి, కరెంటు మాది, మేకులు కొట్టకపోతే చాలు అన్నాను. క్షమాపణ లాంటిది కూడా మధ్యలో ఒకటి ఇరికించాను. వినిపించిందో లేదో తెలియదు. ఆవిడ కొమ్మను బకెట్లో సర్దుతూ, చూద్దాంలే అన్నారు.

మర్నాడు పొద్దున్నే లైట్ల దండలు భుజాన వేసుకుని, పాత నక్షత్రం చంకన పెట్టుకుని వచ్చారు. నేరుగా మా వరండాలోకి వెళ్ళి, ఈసారి చెప్పనైనా చెప్పకుండా నిచ్చెన తీశారు. నా మనసు కుదుటపడింది.

ఎక్కింది మాత్రం నేనే. నక్షత్రం బరువుకు లేత చిగురు వంగుతుంటే, చిగురుకు కాదు కర్రకు కట్టమని కింద నుంచి అక్క, కాస్త ఎడమకని మా ఆవిడ. కట్టాను. ఆ చెట్టు అంత బాగా అంతకుముందెప్పుడూ కనిపించలేదు. ఇక్కడ నాటడం మంచిదే అయింది కదక్కా అని నిచ్చెన మీద నుంచే అన్నాను.

అక్క వంగి, చెట్టు మొదట్లో మట్టిని వేలితో నొక్కి చూశారు.

"ముందే అడిగుంటే మా వాకిట్లో నాటమని చెప్పుండేదాన్ని అబ్బయా. నీళ్ళు పోసే ఇంట్లో ఉండేది."