ఎవరిదో తేలని హైకూ

నా తెలివితక్కువతనం ఏమిటంటే, ఓ పెద్దావిడ నా మీద కుట్ర పన్నుతున్నారని ఏడాదిపాటు నమ్మాను. ఆవిడ జపాన్ కవయిత్రి; అమెరికాలో మా ఫ్రిస్కో ఊరి లైబ్రరీలో నెలనెలా మూడు పాదాల హైకూల గోష్ఠి నడుపుతారు. పేర్లు లేకుండా అందరి కవితలూ కలిపేస్తారు. ఆమె మెచ్చినదాన్ని చదివాక, రాసినవాళ్లు తమదని చెప్పుకోవాలి. నాది ఒక్కసారీ మెచ్చలేదు. ఆమె మీదున్న అభిమానం కాస్తా అనుమానమైంది.

"మీరు మరీ ఓవర్‌గా థింక్ చేస్తున్నారు," అంది మా ఆవిడ.

అయినా ఆగలేక, "నావి గుర్తుపట్టి పక్కన పెడుతున్నారు కదూ?" అని కవయిత్రినే అడిగేశాను.

"గుర్తుపడతాను. చివరి పాదంలో అర్థం వివరించేది మీరొక్కరే," అన్నారు నవ్వుతూ.

మరుసటి నెల ఏ వివరణా లేకుండా, వానలో తడుస్తున్న షాపింగ్ కార్ట్ గురించి రాశాను. ఆమె దాన్నే చదివి, "ఎవరిది?" అన్నారు ఆశగా. చివర్లో వివరణ లేదుగా, నాది కాదనుకుని అందరితోపాటు నేనూ చుట్టూ అనుమానంగా చూశాను.