అడ్డచుట్ట

తొంభైల చివర్లో ఒకసారి, పెద్దాసుపత్రి నుంచి వచ్చే బస్సులో నా పక్కన యారాడ జాలరామె కూర్చుంది. పొద్దున మమ్మల్నిద్దరినీ ఒకే గది ముందు కూర్చోబెట్టారు. ఇద్దరిదీ మూత్రసంచి కాన్సరే. గొట్టంతో సంచిలోకి మందు పోసి, కాసేపు ఆపుకోమని పంపేస్తారు.

బస్సు కదిలాక ఆమె చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుంది. అడ్డచుట్ట అంటారు దాన్ని, మావైపు చేపలగంప మోసే ఆడవాళ్ళు అలాగే తాగుతారు. సముద్రపు గాలికి ఆరదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నాకు మెత్తగా చెప్పడం రాదు. "ఏటప్పా, ఇప్పుడే మందు పోయించుకున్నావ్. ఆ చుట్ట మానకపోతే మందంతా దండగే" అన్నాను.

ఆమె చుట్ట తీసి నవ్వింది. "పొగ నోట్లో ఉంటాది తమ్ముడా, జబ్బు కిందుంది. రెండిటికీ ఏటి సమ్మందం?"

"పొగలో ఇసం రత్తంలో కలిసి ఆ సంచిలోకే దిగుద్దంట. నాను బీడీ మానేసినాకే మందు పట్టింది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "డాక్టరూ మానమన్నాడు. నోరు బాగానే ఉంది గదా అనుకున్నాను. రెండుసార్లు గడ్డ కోసినారు. మల్లీ వత్తే సంచే తీసేత్తారంట."

చుట్టని సీటు కమ్మీకి నులిమి ఆర్పింది. పారేయలేదు, బొడ్లో దోపుకుంది.

మల్కాపురంలో నేను దిగిపోయాను. ఆమెని చివరిసారి చూసింది బస్సు యారాడ కొండవైపు తిరుగుతుండగా, కిటికీలో. పెదవుల మధ్య ఆ చుట్ట మళ్ళీ బిగించి ఉంది. లోపల నిప్పుందో లేదో బయటివాళ్ళకి తెలియదు.