పందికి పెట్టిన పథ్యం

ఏళాయిరంపన్నైకి తూర్పున ఉన్న మా ఊళ్ళో ఎవరికి కాన్పు అయినా మొదటి కబురు మా పెద్దమ్మ బొమ్మక్కకే. బాలింత ఎన్ని ముద్దలు తినాలో, ఎన్ని గుక్కలు తాగాలో ఆమే చెబుతుంది. ఆమెకు భయపడి నలభై రోజులు మిరియాల చారుతో గడిపినవాళ్ళు ఊరంతా ఉన్నారు.

పెదనాన్న నల్లసామి కొన్న తెల్లపంది తొమ్మిది పిల్లల్ని ఈనితే, పెద్దమ్మ దానికీ పథ్యం పెట్టింది. ఒక్క పూట దాణా, సగం బకెట్టు నీళ్ళు, చితక్కొట్టిన వెల్లుల్లి. దాణా వేసేదాన్ని నేనే. ఇంకో చేటెడు వెయ్యాలనిపించేది గాని ధైర్యం చాలేది కాదు.

"బాలింతకి పత్తెం లేకుంటే పిల్లలకి కడుపునొప్పి వస్తాదే," అనేది పెద్దమ్మ.

ఆరు వారాలకు పిల్లల్ని విడదీశాం. వారంలోగా పంది ఎదకు రావాలి. మూడు వారాలైనా రాలేదు. వెన్నెముక బయటికి పొడుచుకొచ్చింది. పెదనాన్న విరుదునగర్ వెళ్ళి, మాంసానికి కొనే ఇసక్కిముత్తుతో మాట్లాడి వచ్చాడు.

"పదైదు దినాల్లో బండి తెస్తాడు. గొడ్డుదాన్ని మేపేదానికి నాకేం జమీను ఉండాదా?"

పెద్దమ్మ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడే కోవిల్‌పట్టి నుంచి పశువుల డాక్టరు వాసుకిని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ పంది వీపు తడిమింది. "దీని కడుపు మాడ్చింది ఎవరు?"

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను దాణా గంప వైపు చూశాను.

పిల్లలు పాలు తాగినన్నాళ్ళూ ఎదకు తెచ్చే హార్మోన్లు అణిగి ఉంటాయట. విడదీశాక మెదడు నుంచి అండాశయానికి మళ్ళీ కబురు వెళ్ళాలి. కానీ కొవ్వూ కండా కరిగించి పాలిచ్చిన తల్లికి తిండి చాలకపోతే ఆ కబురు బలంగా వెళ్ళదు. తనకే లేనప్పుడు ఇంకో కాన్పు వద్దని ఒళ్ళే ఆగిపోతుందట.

"మూడు పూటలా పెట్టండి. తాగినన్ని నీళ్ళు పొయ్యండి. పక్క దొడ్లో మగపందిని ఉంచండి, వాసన తగలాలి."

"మగోడు ఎదురుగా ఉంటే ఆడది ఎట్ల తింటాది?" అని గొణుగుతూ పెద్దమ్మ, కడంబూరు నుంచి మగపంది వచ్చిన రోజు రెండింటి మధ్యా పాత చీర కట్టింది.

"పెండ్లిచూపులా ఇది?" అని పెదనాన్న విప్పేశాడు.

నేను మూడు పూటలా దాణా వేశాను. ప్రతిసారీ పెద్దమ్మ వెనకాలే వచ్చి, "ఇంకొంచెం వెయ్యవే, పిసినారిదానా," అని నన్నే తిట్టేది.

ఇసక్కిముత్తు బండి వచ్చిన పొద్దున పంది మేత వదిలేసి, మగపంది వైపు గోడకు ఆనుకుని ఉంది. నేను మెల్లగా పెద్దమ్మ కొంగు లాగాను. వీపు మీద బరువు పెట్టినా కదలకపోతే ఎదకు వచ్చినట్టేనని డాక్టరమ్మ చెప్పి ఉంది. పెద్దమ్మ రెండు చేతులతో నొక్కింది. పంది కదలలేదు.

"నువ్వు నొక్కితే నేనూ కదల్ను," అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ కుచ్చెళ్ళు దోపుకుని దాని వీపు మీద కూర్చుంది. ఆమె బరువు గురించి ఊళ్ళో ఎవరూ పైకి మాట్లాడరు. పంది మాత్రం చెవులు నిక్కించి, రాయిలా నిలబడింది.

"అక్కా, దిగితే తోలుకుపోతా," అన్నాడు ఇసక్కిముత్తు.

"నువ్వు ముందు బండి తిప్పు, తమ్మీ."

బండి మలుపు దాటేదాకా ఆమె దిగలేదు.