మంచం కింద ముప్పై నాలుగు సీసాలు

మా మామయ్య అడల్బెర్తు సైషస్‌కు వైన్ గురించి తెలియనిది లేదని పోర్చుగల్‌లోని గాయా ఊళ్ళో మా వీధంతా నమ్మేది. నది ఒడ్డున ఉన్న పోర్ట్ వైన్ గిడ్డంగిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడికి తెలియకపోవడమేమిటని వాళ్ళ ధీమా. అక్కడ ఆయన చేసింది సీసాలకు లేబుళ్ళు అంటించడం. మొదట్లో చేత్తో, తర్వాత యంత్రంతో. ఆ లెక్కన పోస్టాఫీసులో ముద్ర కొట్టేవాడికి ఊళ్ళో ఉత్తరాలన్నిట్లో ఏముందో తెలిసి ఉండాలి.

ఈ మాట ఒకసారి ఆయన మొహం మీదే అనేశాను.

“కోయింబ్రా కాలేజీలో రెండేళ్ళు కూడా నిలవలేని ఇంజనీరు గారు సెలవిస్తున్నారు. అందరూ వినండి” అన్నాడు. నేను చదువు మానేసిన రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు.

ప్రతి క్రిస్మస్‌కూ గిడ్డంగి తన పనివాళ్ళందరికీ తలా ఒక రిజర్వ్ రూబీ రకం పోర్ట్ సీసా ఇచ్చేది. బుద్ధున్న వాళ్ళంతా కొత్త సంవత్సరం రాకముందే జున్నుతోనో, చాక్లెట్ కేకుతోనో దాన్ని ఖాళీ చేసేవాళ్ళు. మామయ్య మాత్రం ఇంటికి తెచ్చి, చిన్న కాగితం ముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ ఏడాది వేసి, స్కేలు పెట్టి కొలిచి సీసా మెడకు అంటించి, మంచం కింద పడుకోబెట్టేవాడు. “పండనీ” అనేవాడు. పెద్ద దొరల నేలమాళిగల్లో వింటేజ్ అనే ఖరీదైన రకం సీసాలు పాతికేళ్ళు అలాగే పడుకుంటాయని ఎవరో చెప్పగా విన్నాడు. అది వేరు, ఇది వేరు. రిజర్వ్ రూబీ పెద్ద చెక్క పీపాల్లోనే పండి, మడ్డి వడకట్టుకుని, తాగడానికి సిద్ధమయ్యాకే సీసాలోకి దిగుతుంది. దాని బిరడాకి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. నిలబెట్టి ఉంచాలి, తొందరగా తాగెయ్యాలి. ఈ సంగతంతా సీసా వెనక లేబుల్ మీద అచ్చేసే ఉంటుంది. ఆ వెనక లేబుల్ అంటించింది కూడా మా మామయ్యే.

చదివి వినిపించాను కూడా.

“అది కొనుక్కునేవాళ్ళ కోసం రాసిందిరా” అన్నాడాయన.

పదవీ విరమణ దగ్గర పడేసరికి ఆయనకు ఒక్కటే కోరిక పట్టుకుంది. గిడ్డంగిలో రుచి చూసే పెద్దాయన డాక్టర్ లోబు. వైద్యం రాదు. చదువుకున్న ప్రతివాణ్ణీ డాక్టరు అనడం మా రోగం. ఏ పీపాలోది సీసాకెక్కాలన్నా ఆ మనిషి నోట “బాగుంది” అన్న మాట పడాలి. ముప్పై నాలుగేళ్ళు రోజూ లేబుళ్ళ గది ముందు నుంచి వెళ్ళాడు గానీ, తల ఊపడం తప్ప మామయ్యతో ఆయన ఏనాడూ మాట్లాడలేదు.

“నా సీసా ఒకటి ఆయన తాగాలి. బాగుంది అనాలి. ఇంకేం అక్కర్లేదు నాకు” అన్నాడు మామయ్య. అది విని నాకు చిరాకేసింది. ఒక మాట కోసం మనిషి ఇంత చేతులు కట్టుకోవాలా?

మామయ్య పదవీ విరమణ చేసిన తర్వాతి ఆదివారం, ఆయన పిలిస్తే డాక్టర్ లోబు భోజనానికి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, వేలు పెడితే మాసిపోయేటంత శుభ్రంగా ఉన్నాడు. మా ఇరుకు ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక కుర్చీ అంచున కూర్చున్నాడు. దియొలిందా అత్తయ్య మేకపిల్ల మాంసం కాల్చి, బంగాళాదుంపలతో పెట్టింది. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. మామయ్య ముద్ద కూడా ముట్టలేదు.

భోజనమయ్యాక మామయ్య మొదలుపెట్టాడు. బీరువాలోంచి తెల్ల చేతి తొడుగులు తీశాడు. కొవ్వొత్తి వెలిగించాడు. గాజు కూజా తెచ్చాడు. మంచం కింద దూరి, తాను పనిలో చేరిన ఏటి సీసాను పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు. అడ్డంగా పడి ఉండి ఉండి వైన్ బిరడాలోంచి కారి, మెడ చుట్టూ జిగురులా గడ్డకట్టింది. ఆయన రాసిన అంకెలు సగం చెరిగిపోయాయి.

“డాక్టర్ గారూ, ముప్పై నాలుగేళ్ళు!” అని బిరడా తిప్పాడు. టోపీ చేతిలోకొచ్చింది. బెండు ముక్క సీసాలోనే ఉండిపోయింది.

“స్క్రూడ్రైవరు తేనా?” అన్నాను.

“నువ్వు నోరు మూసుకో, ఇంజనీరూ!”

కత్తితో పొడిచి, బెండు పొడి పడకుండా టీ జల్లెడలోంచి వంచి, ఎలాగో కూజాలో పోశాడు. పేరు రూబీ. కెంపు రంగులో ఉండాలి. వచ్చింది మాత్రం తుప్పు నీళ్ళ రంగు. అత్తయ్య నావైపు చూసి కళ్ళు దించుకుంది.

డాక్టర్ లోబు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక గుక్క తాగాడు. మింగాడు. ఆ మింగడం చూస్తే జాలేసింది.

“ఆసక్తికరంగా ఉంది” అన్నాడు.

మామయ్య మొహం చాటంతయింది. “విన్నావా దియొలిందా? ఆసక్తికరంగా ఉందట! ఇంకొంచెం పొయ్యనా డాక్టర్ గారూ?”

నేను వేసవిలో ఆ గిడ్డంగిలో పర్యాటకుల్ని తిప్పే పని చేశాను. అక్కడ ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు.

“మామయ్యా, వాళ్ళు ఆసక్తికరం అన్న పీపా తిన్నగా కాలవలోకే పోతుంది” అన్నాను.

అనకుండా ఉండాల్సిందని చాలామంది అనుకుంటారు. నేననుకోను. పెద్దమనిషి మర్యాద కోసం అబద్ధమాడుతుంటే నేనూ ఊరుకుంటే, ఇంకో ముప్పై మూడు సీసాలు ఇదే మర్యాదతో మా గొంతుల్లోకి దిగేవి.

మామయ్య నన్ను తిట్టలేదు. డాక్టర్ లోబువైపే తిరిగాడు. “నిజమా, డాక్టర్ గారూ?”

డాక్టర్ లోబు గ్లాసు కింద పెట్టాడు. “చచ్చిపోయింది, సెన్యోర్ అడల్బెర్తు. ఎప్పుడో చచ్చిపోయింది. మేం దీన్ని దాచుకోడానికి చెయ్యం. ఆ ఏడే తాగెయ్యాలని చేస్తాం. ఇది మీరెప్పుడూ తాగలేదా?”

“పచ్చికాయ ఎవరైనా కోసుకుంటారా? పండాక తాగుదామని…”

“మీరు పనిచేసే గదిలో ఎవరూ రుచి చూపించలేదా?”

“లేబుళ్ళ గదికి గ్లాసులు రావు” అన్నాడు మామయ్య.

ఆ పెద్దమనిషి చొక్కా చేతులు సర్దుకున్నాడు.

అప్పుడు అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు చప్పుడయింది. సగం ఖాళీ అయిన రిజర్వ్ రూబీ సీసాతో తిరిగొచ్చింది.

“ఇదెక్కడిది?” అన్నాడు మామయ్య.

“సూపర్‌మార్కెట్‌లో కొన్నా. బేరీపళ్ళు ఉడకబెట్టడానికి.”

“సగం లేదేం మరి?”

“అన్నిసార్లూ బేరీపళ్ళు ఉండవుగా ఇంట్లో” అంది అత్తయ్య. “రాత్రి గిన్నెలు కడుక్కున్నాక ఓ చిన్న గ్లాసు. పదేళ్ళ నుంచీ. నువ్వు టీవీ ముందు గుర్రు పెడుతుంటావు.”

డాక్టర్ లోబు మొదటిసారి నవ్వాడు. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. మామయ్య తెచ్చిన అగ్గిపెట్టెంత గ్లాసులు పక్కకు నెట్టి, మామూలు వైన్ గ్లాసులు అడిగాడు. మూడో వంతుకే పోశాడు. చల్లగా ఉండటంతో గ్లాసుకు సన్నగా ఆవిరి పట్టింది. రంగు చూడగానే తెలిసిపోయింది, నల్ల ద్రాక్ష చిదిమిన రంగు.

“కాడ దగ్గర పట్టుకోండి, లేకపోతే మీ చేతి వేడికి సారాయి వాసనొస్తుంది. ముందు జున్ను ముక్క. ఇప్పుడు తాగండి. తొందర లేదు.”

మామయ్య తొడుగులు తీసేసి తాగాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. నేరేడుపండు, మిరియం ఘాటు, తర్వాత గొంతులో మెల్లగా వేడి. ఏముంటుందో నాకు తెలుసు, ఎవడికైనా తెలుసు. గాయా అంతటికీ తెలిసిన రుచి ఆ మనిషి నాలిక మీదకు అరవై ఆరో ఏట చేరింది. గిడ్డంగి నుంచి మా ఇంటికి నడిస్తే పదకొండు నిమిషాలు.

మామయ్య గ్లాసు ఖాళీ చేశాడు.

సాయంత్రం డాక్టర్ లోబు వెళ్తుంటే మామయ్య గుమ్మం దాకా సాగనంపాడు. అక్కడ నిలబడి అడిగాడు, “డాక్టర్ గారూ, ఇన్నేళ్ళలో నేనంటించిన లేబుల్ ఒక్కటైనా వంకరగా కనిపించిందా మీకు?”

డాక్టర్ లోబు ఆలోచించాడు. కనీసం ఈసారి అబద్ధం ఆడలేదు.

“నేనెప్పుడూ లేబుళ్ళు చూడలేదు సెన్యోర్ అడల్బెర్తు.”

“సరే. నేనూ మీ వైన్ తాగలేదుగా” అన్నాడు మామయ్య. “ఇద్దరం ఇద్దరమే.”

చెయ్యి కలిపి పంపించేసి, తలుపేసుకుని వచ్చాడు. కొవ్వొత్తి ఊది ఆర్పేశాడు. కూజాలోని తుప్పు నీళ్ళు తీసుకెళ్ళి వంటింటి తొట్టిలో పారబోశాడు. ఆ తర్వాత కుర్చీలో కూలబడి గ్లాసు ముందుకు తోశాడు.

“దియొలిందా, ఇంకొంచెం పొయ్యి.”

“ఎక్కడిదింకా? మీరిద్దరూ గుమ్మంలో మర్యాదలు చేసుకుంటుంటే వీడు తాగేశాడు” అంది అత్తయ్య.

మామయ్య నావైపు చూశాడు. నేను గ్లాసు దాచలేదు.

“లే” అన్నాడు. “సూపర్‌మార్కెట్ ఎనిమిదింటి దాకా ఉంటుంది. రెండు పట్రా. నిలబెట్టి పట్రా, వెధవా.”