డిష్‌వాషర్‌లో పప్పుల డబ్బాలు

విదేశంలో, టార్నీట్ అనే ఊళ్లో ఉన్న మా ఇంటి డిష్‌వాషర్ చప్పుడు మొదలైతే చాలు, నేను వంటింట్లో నిలబడలేను. సిగ్గేస్తుంది.

మూడో క్లాసులో టీచర్, గిన్నెలు కడిగే మెషీన్ కనిపెట్టిన ఒక అమెరికా ఆవిడ గురించి చెబుతూ బొమ్మ చూపించారు. "మా ఇంట్లోనూ ఉంది, అందులో పప్పుల డబ్బాలు పెడతాం" అన్నాను. అది అలమారా అనే అనుకునేదాన్ని. క్లాసంతా పగలబడి నవ్వింది.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. "మమ్, యూ మేడ్ మీ లుక్ స్టుపిడ్!"

"చేత్తో తోమితేనే నాకు తృప్తి తల్లీ" అంది అమ్మ. కానీ డబ్బాలన్నీ తీసేసింది.

ఆ తర్వాత నా ఫ్రెండ్స్ ఎప్పుడొచ్చినా మెషీన్ తిరుగుతూ ఉండేది. ఎంత గర్వపడేదాన్నో!

ఒకరోజు వాళ్లు వెళ్లాక, అమ్మ సింక్ దగ్గర మా ప్లేట్లు తోముతుంటే, నేను మెషీన్ తలుపు తెరిచాను. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. లోపల ఒక్క చెంచా కూడా లేదు.