గాలి పడిపోయిన ఆదివారం

ఈ తెల్లవారుజామున రాజమండ్రిలో మా ఇంటి కిటికీ తెర కదలలేదు. మూడు రోజులుగా ముసురు. గోదావరి మీద నుంచి రావలసిన గాలి ఎక్కడో ఆగిపోయింది. ఉన్నట్టుండి తడిసిన తవుడు వాసన. మా వీధిలో తవుడెక్కడిది? ఇలాంటప్పుడు మార్తమ్మగారు గుర్తొస్తారనడం కూడా తప్పే. వచ్చి పక్కన నిలబడతారు.

రామచంద్రపురం దగ్గర ఆవిడకొక చేపల చెరువు ఉండేది. చేపల పెంపకం చదివి నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టేవాళ్ళం. చేపలు ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి తినేవి. ఆవిడ రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి కొంగు గాలికి వదిలేవారు. ఎగిరితే సంచులు కట్టమనేవారు. వేలాడితే ఆ పూట చేపలకు ఉపవాసమే. నా చేతిలోనేమో ఏ బరువు చేపకు ఎంత మేతో చెప్పే పట్టిక.

"ఏంటమ్మా నవ్వుతున్నావు?"

"ఏం లేదండి."

"నవ్వు నవ్వు. నీ కాయితానికి ఉక్కపొయ్యదు కదా!"

మబ్బు పట్టిన ఉదయాల్లో నీళ్ళేవో ఆకాశమేదో తెలిసేది కాదు. కొబ్బరిచెట్లు ఆ రెండింటిలోనూ నిద్రపోతున్నట్టుండేవి. గట్టు మీద నడుస్తూ నేనూ సగం నిద్రలోనే ఉండేదాన్ని. అంత అందంలో ప్రమాదం ఉంటుందని నాకు తట్టనే లేదు.

ఒక శనివారం ఆవిడ తునిలో కూతురి దగ్గరికి వెళ్ళారు. ముసురు, గాలి లేదు. పట్టిక చూసి సంచులన్నీ కట్టించాను. ఆదివారం తెల్లవారేసరికి చెరువంతా నోళ్ళే. బొచ్చెలూ శీలావతులూ మూతులు పైకెత్తి గుటకలేస్తున్నాయి. ఎండ లేక, గాలి లేక నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఉన్న కాస్తా నేను పెట్టిన తిండి అరిగించుకోవడానికే అయిపోయింది. ఇంకో నెలలో వల వేయాలి. ఆ పంటే ఆవిడకు ఏడాది బతుకు.

చర్చికని తెల్లచీర కట్టుకుని ఆవిడ మొదటి బస్సులోనే దిగారు. "నేనేనండి, సంచులు నేనే..." అంటూ ఏడుపందుకున్నాను.

"ముందు ఇంజను వెయ్యి. ఏడుపు తర్వాత."

ఇంజను నీళ్ళు పైకి చిమ్ముతుంటే, సంచులు విప్పేసి, ఆవిడ ఆ తెల్లచీరతోనే నడుంలోతున దిగి, గాలి కలిసేలా గెడతో నీళ్ళను కొట్టడం మొదలుపెట్టారు. చర్చి గంట మోగింది. ఆవిడ తలెత్తలేదు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సగం చేపలు బతికాయి. మిగతా సగం తెల్లటి పొట్టలతో తేలాయి.

మర్నాడు రాజీనామా రాసిచ్చాను. ఆవిడ చదివి, నాలుగు మడతలు పెట్టారు.

"అరచెరువు చేపలు పోసి నీకు చదువు చెప్పించాను. ఇప్పుడు వెళ్ళిపోతానంటే ఎలాగమ్మా?"

వెళ్ళలేదు. ఆరేళ్ళు ఆవిడ దగ్గరే ఉన్నాను. ఇప్పుడు ఆవిడ లేరు. మా అమ్మ తర్వాత నేనంతగా ప్రేమించిన మనిషి ఇంకొకరు లేరు.

ఇప్పుడు చేపల రైతులకు ఫోనులో సలహాలు చెప్పడం నా పని. కిటికీ తెర వంక చూస్తుండగానే ఫోను మోగింది.

"మేడమ్‌గారండీ, చేపలన్నీ పైకొచ్చేశాయండి. మీరు వద్దన్నా నిన్న మేత వేసేశానండి..." నిన్న సలహా అడిగిన పెద్దాయనే, ఏడుపందుకున్నారు.

చెప్పినా వినరేమని తిట్టబోయాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ముందు ఇంజను వెయ్యండి. ఏడుపు తర్వాత."

అటువైపు ఇంజను అందుకున్న చప్పుడు వినిపించింది. అయినా ఫోను పెట్టలేదు. కిటికీలోంచి కొంగు బయటికి వదిలి, అది ఎగిరేదాకా ఆయనతోనే ఉన్నాను.