అమావాస్య తూకం

పోయిన ఆదివారం పటాన్‌చెరులో మా బిడ్డ ఇంటికి వెళ్లాను. నేను లోపలికి వెళ్లేసరికి మనవడు ఒక గాజు పలక మీద నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. ఎనిమిదేళ్లవాడు, పొట్ట లోపలికి పీల్చుకుని ఊపిరి ఆపి నిలబడ్డాడు.

"ఊపిరి ఆపుతె బరువు తగ్గదుర," అంది మా బిడ్డ.

బడిలో పిల్లలందరినీ తూచారట. వీడు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉన్నాడని చీటీ పంపారట. అప్పటి నుంచి ఇంట్లో చిప్స్ పొట్లాలు బంద్. వాడు నన్ను పలకరించకముందే నా చేతిసంచి వైపు చూశాడు. అందులో నువ్వుల లడ్డూలు ఉన్నాయి. నేను సంచిని మెల్లగా కుర్చీ వెనక్కి నెట్టాను.

"అమ్మా, నన్ను నువ్వెట్ల తినవెట్టినవే? నేను బక్కగనే ఉంటుంటి గద," అని అడిగింది బిడ్డ.

నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ రోజంతా నా మనసు సంగారెడ్డి గంజ్ బజారులోనే తిరిగింది. అందుకే ఇది రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇన్నేళ్లలో నేను పెన్ను పట్టింది సామాన్ల చీటీ రాయడానికే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. తప్పులుంటే ఏమనుకోకండి.

మా అత్తగారి వాళ్లకు గంజ్‌లో ధాన్యం, మిరపకాయల దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు తీస్తే చాలు, మిరప ఘాటు వంటింటి దాకా వచ్చేది. ఇంటికి వచ్చిన చుట్టాలు తుమ్మి తుమ్మి అలసిపోయేవాళ్లు. మా బిడ్డ మాత్రం ఆ ఘాటులోనే పుట్టి పెరిగింది. చుట్టాలు తుమ్ముతుంటే లెక్కపెట్టి నవ్వేది.

దుకాణంలో పెద్ద ఇనుప కాంటా ఒకటి ఉండేది. కింద పలక, పైన గీతలు గీసిన కడ్డీ, కడ్డీ మీద జరిపే గుండు. పలక మీద సంచి పెడితే కడ్డీ పైకి లేస్తుంది. గుండును ముందుకు జరుపుతూ పోతే ఒక చోట కడ్డీ నడిమధ్యన నిలబడుతుంది. గుండు ఎక్కడుందో అదే బరువు. పని లేనప్పుడు కడ్డీ కదలకుండా కొక్కెం వేసి ఉంచేవాళ్లు. సంచి పెట్టాకే కొక్కెం తీసేవాళ్లు. అందుకని ఖాళీగా ఉన్న కాంటా ఏం చూపిస్తుందో ఎవరూ చూసేవాళ్లు కాదు.

ప్రతి అమావాస్యకు మా మామ కాంటాను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. కాంటా అంటే మా ఇంట్లో లక్ష్మి. పెద్దవాళ్లం ఎవరమూ దాని మీద కాలు పెట్టేవాళ్లం కాదు. పిల్లలు తొక్కితే మాత్రం దోషం లేదు. పూజ అయ్యాక సరుకు తూచకముందు ఇంట్లో పిల్లను తూచడం వాళ్ల ఇంటి పద్ధతి. మా ఆయన చిన్నప్పుడు కూడా అట్లాగే తూచేవాళ్లట. మా బిడ్డకు మూడేళ్లు నిండిన నాటి నుంచి నెలనెలా ఆ కాంటా ఎక్కింది.

బరువు విషయంలో మా అత్తమ్మకు సొంత లెక్క ఒకటి ఉండేది. ఏడాదికి మూడు కిలోలు. మూడేళ్లకు తొమ్మిది, నాలుగేళ్లకు పన్నెండు. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ లెక్కకు మా బిడ్డ ఎప్పుడూ రెండు కిలోలు తక్కువే.

"ఏం వెడుతున్నవే పిల్లకు? గాలి వెడుతున్నవా?" అని నలుగురిలో అనేది.

నేనేం పెట్టలేదో నాకు తెలియదు. పొద్దున ఎండుకొబ్బరి కుడుక, బెల్లం. పదింటికి జొన్నరొట్టెను నెయ్యి, బెల్లంతో పిసికి మలీద ముద్దలు. మధ్యాహ్నం ముద్దపప్పు అన్నం. కంచం పట్టుకుని మిరప బస్తాల చుట్టూ దాని వెంట పరుగెత్తేదాన్ని. అది బస్తాల సందులో దూరి కూర్చునేది. నోట్లో పెట్టిన ముద్దను బుగ్గన పెట్టుకుని అరగంట మింగేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల పొద్దంతా దుకాణంలో తెరిచి ఉన్న సంచుల్లోంచి పల్లీలు, పుట్నాలు గుప్పెడు గుప్పెడు తినేది. మా దగ్గర సంచులు మోసే హమాలీ తాత దానికి పచ్చి శనగలు ఒలిచి పెట్టేవాడు. అన్నం దగ్గరికి వచ్చేసరికి దాని కడుపు నిండి ఉండేది. మా లెక్కలో పల్లీలు తిండి కాదు, సరుకు. అందుకే మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

దాని బుగ్గలు బూరెల్లా ఉండేవి. గంజ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా ఉరికేది. అయినా మా ఇంట్లో కంటికి కనబడింది ఒప్పుకోరు, కాంటా చెప్పిందే ఖాయం. నేను కూడా అంతే. నా బిడ్డ బక్కదని నేనూ నమ్మాను.

దానికి ఆరేళ్లు నిండినప్పుడు పద్దెనిమిది ఉండాలి. పదహారే చూపించింది. అత్తమ్మ ఆ రోజు నన్ను ఏమీ అనలేదు. అది చూసి నాకు ఇంకా భయమైంది. సాయంత్రం మామతో అంటుంటే విన్నాను.

"వచ్చే అమావాస్యకు పద్దెనిమిది కాకపోతె పిల్లను సదాశివపేటల మా అక్క దగ్గర ఉంచుత. ఆడ బర్రెలున్నయి, పాలున్నయి. ఏడాది ఉంటె మనిషైతది."

"తల్లి లేకుంట ఉంటదా?" అన్నాడు మామ.

"తల్లి ఉండి ఏం జేసింది?"

మా ఆయన వాళ్ల అమ్మ మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఒక సంవత్సరం అంటే ఎంతో నేను ఆ రాత్రంతా లెక్కపెట్టుకున్నాను. పక్కలో పిల్ల నా పైట కొంగు వేలికి చుట్టుకుని పడుకునేది. ఆ కొంగు లేకుండా సదాశివపేటలో ఎట్లా పడుకుంటుంది అనుకున్నాను.

ఆ నెలంతా నేను పెట్టిన తిండి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ముక్కు మూసి పాలు తాగించాను. ఒక రోజు మొత్తం కక్కింది. కక్కిన తర్వాత మళ్లీ పెట్టాను. చివరికి నా చేతిలో కంచం చూస్తేనే ఏడ్చేది. పల్లీల సంచి దగ్గరికి పోవడం కూడా మానేసింది.

అమావాస్య పొద్దున అత్తమ్మ వంటింట్లో బెల్లమన్నం వండుతోంది. మామ కాంటా కడుగుతున్నాడు. చిల్లర తూకానికి వాడే చిన్న తరాజు పక్కన రాళ్లు వరుసగా ఉంటాయి. నేను అందులోంచి రెండు కిలోల రాయి తీసి కొంగు కింద దాచాను. గదిలోకి వచ్చి పాత గుడ్డలో చుట్టి, పిల్ల లంగా లోపల నడుముకు కట్టాను. పైన పొడుగు జాకెట్ వేశాను.

"సల్లగున్నదమ్మా," అంది.

"జెరసేపు ఓర్సుకో. మెల్లగ నడువు. ఎవ్వరికి చెప్పకు."

"చెప్తె నన్ను పంపిస్తరా?"

దానికి అంతా తెలుసని అప్పుడే నాకు తెలిసింది.

పూజ అయ్యింది. ప్రసాదం కోసం హమాలీ తాత గడప దగ్గర కూర్చున్నాడు. పిల్ల రెండు చేతులతో లంగా పట్టుకుని బాతులా నడుచుకుంటూ వచ్చింది.

"ఏంది చిన్న సేటమ్మా, నడక మారింది?" అన్నాడు తాత.

అది నవ్వలేదు. పలక మీద ఎక్కింది. మామ కొక్కెం తీశాడు. గుండు ఇంకా సున్నా దగ్గరే ఉంది. కడ్డీ టక్కున పైకి లేచింది. అప్పుడే నేను కట్టిన ముడి ఊడింది. రాయి పలక మీద ఖంగున పడింది. పిల్ల బెదిరి కిందికి దూకింది. రాయి అక్కడే ఉండిపోయింది.

అత్తమ్మ వచ్చి పిల్ల రెక్క పట్టుకుంది. "గింత దొంగబుద్ధి ఎవలు నేర్పిన్రే నీకు? రాయి ఎవలు కట్టిన్రు?"

పిల్ల నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"నేనే కట్టుకున్న," అంది.

నేను నోరు తెరవలేదు. తెరవలేదని రాయడానికే ఈ కాగితాలు తీశాననిపిస్తోంది.

"ఆగు, ఆగు," అన్నాడు మామ. ఆయన మా వైపు చూడడం లేదు. కాంటానే చూస్తున్నాడు. గుండు సున్నా మీద ఉంది. పలక మీద రెండు కిలోల రాయి ఉంది. కడ్డీ పైకి లేచి ఉండాలి. లేవలేదు. పలక మీద ఏమీ లేనట్టు నడిమధ్యన నిలబడి మెల్లగా ఊగుతోంది.

ఆయన రాయి తీశాడు. కడ్డీ కిందపడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ నడిమధ్యకు వచ్చింది.

గడప దగ్గర తాత నవ్వడం మొదలుపెట్టాడు. "సేటు, గది బోరెం తూకం గద. మిరపకాయల కోసం మీరే మర తిప్పి పెట్టుకుంటిరి. యాదికి లేదా?"

మిరపకాయలు నింపే పెద్ద గోనె సంచిని మా దగ్గర బోరెం అంటారు. ఖాళీ బోరెమే రెండు కిలోలు ఉంటుంది. ప్రతి సంచికీ ఆ రెండు కిలోలు నోటి లెక్కతో తీసేయడం ఎందుకని మామ ఎప్పుడో కాంటా వెనక మర తిప్పి, ఆ బరువు దానంతటదే పోయేలా పెట్టాడు. గంజ్‌లో అందరికీ తెలిసిన సంగతే. అమ్మే రైతులకూ తెలుసు.

"యాదికుంది. అయితె ఏంది?" అన్నాడు మామ.

"అయితె ఏంది అంటరేంది సేటు? పిల్ల బోరెంల లేదు గద."

మామ వంగి మర సరిచేశాడు. ఖాళీ కాంటాను ఒకసారి చూసుకున్నాడు. పిల్లను చేతులతో ఎత్తి పలక మీద నిలబెట్టాడు. గుండు జరిపాడు. పద్దెనిమిది.

"మల్ల సూడు," అంది అత్తమ్మ.

మళ్లీ చూశాడు. పద్దెనిమిదే.

"మూడేండ్ల సంది పిల్లకాడ బోరెం బరువు తీసిన," అన్నాడు మామ, తనలో తానే. అత్తమ్మ లోపలికి వెళ్లింది. నన్ను ఒక మాట అడగలేదు, నాకు ఒక మాట చెప్పలేదు. సదాశివపేట పేరు మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

ఆ మధ్యాహ్నం పిల్లకు అత్తమ్మే కంచం పెట్టింది. నేను తలుపు చాటున ఉన్నాను. నాలుగు ముద్దలు తిన్నాక పిల్ల ఆగింది. అలవాటుగా ముద్దను బుగ్గన పెట్టుకుని భయంగా చూసింది. అత్తమ్మ చేయి ఐదో ముద్ద దగ్గర ఆగింది.

"సాలా?" అని అడిగింది.

ఆ మాట దాన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. కొంచెంసేపు అయ్యాక తల ఊపింది. అత్తమ్మ కంచం తీసేసింది. సాయంత్రానికి పిల్ల పల్లీల సంచి దగ్గర కనిపించింది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. దుకాణంలో ఇప్పుడు కరెంటు కాంటా ఉంది. పాతది పెరట్లో రేకుల కింద ఉంది, దాని మీద కుండీలు పెట్టుకున్నాం. మిరప ఘాటు మాత్రం అట్లాగే ఉంది. రాయి కట్టింది ఎవరో అత్తమ్మకు నేను చివరి దాకా చెప్పలేదు. పిల్లా చెప్పలేదు. మేమిద్దరం కూడా ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆదివారం సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు బిడ్డను అడిగాను. మనవడు మా ఇద్దరి మధ్య నిలబడి ఒక లడ్డూ తింటున్నాడు. ఒకటి చాలా అని వాళ్లమ్మ అడిగితే, చాలు అని వాడే చెప్పి తీసుకున్నాడు.

"ఆ రోజు నేను కట్టిన్నని ఎందుకు చెప్పలేదే?"

ఏ రోజు అని అడగలేదు. రోడ్డు వైపే చూస్తూ అంది.

"చెప్తె నిన్ను గూడ పంపిస్తరనుకున్న."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చూశాను. బిడ్డ తన కొంగు అంచు వేలికి చుట్టుకుని నిలబడి ఉంది.